గాయం మీది చిగురు

1957 జూలై. ఇంకో నెలన్నరలో మలయాకి స్వతంత్రం, వాళ్ళ మాటలో మెర్దేకా, వస్తోందని బటాంగ్ బెర్జుంటై బజారులో టీ కొట్టువాడు కూడా జెండా గుడ్డ కొని దాచుకున్న రోజులు. నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. రబ్బరు రీప్లాంటింగ్ ఆఫీసులో ఫీల్డ్ ఇన్‌స్పెక్టర్ని. నా ఆస్తి ఒక సైకిలు, ఒక ఖాకీ టోపీ, భుజాన ఫారాల సంచి, జేబులో చిన్న కత్తి. కత్తితో మొక్క బెరడు గీకి చూడటం, బాగుంటే ఫారం తీసి సంతకం పెట్టడం, ఇదే నా ఉద్యోగం. ముప్పయ్యేళ్ళు చేశాను. మరిచిపోలేనిది ఒకటి చెప్పమని ఎవరడిగినా నా నోటికి వచ్చేది మాత్రం సింహాచలమ్మ గారి మూడెకరాలే. ఇప్పటికీ చెప్పడం మొదలుపెడితే కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

ముందు ఈ రీప్లాంటింగ్ సంగతి చెప్పాలి. చిన్న రైతుల పొలాల్లో రబ్బరు చెట్లు అప్పటికే ముసలివైపోయాయి. పాలు తగ్గిపోయాయి. వాటిని కొట్టేసి ఎక్కువ పాలిచ్చే కొత్త రకం మొక్కలు వేస్తే ప్రభుత్వం ఎకరానికి ఇంతని విడతల వారీగా సాయం ఇచ్చేది. విడతకో ఇన్‌స్పెక్షన్. వినడానికి బాగానే ఉంటుంది. కానీ రైతు వైపు నుంచి చూడండి. ఉన్న చెట్లు కొట్టేశాక కొత్తవి గీతకి, అంటే బెరడు గీసి పాలు తీయడానికి, రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ ఆ నేల మీద చిల్లిగవ్వ రాదు. ఆఫీసు మాట నమ్మి అన్నం పెట్టే చెట్టుని తన చేత్తో నరుక్కోవాలి. నేను సైకిలేసుకుని ఊరూరా తిరిగి చెప్పే మాట అదే, నరకండి, మేమున్నాం అని.

సింహాచలమ్మ గారు ఆ మాట నమ్మింది. ఆమెకి యాభై దాటుంటాయి. వాళ్ళ పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఎస్టేట్‌లో చేరినవాళ్ళు. భర్త యుద్ధానికి ముందు మూడెకరాల రబ్బరు కొన్నాడు. యుద్ధంలో జపానువాళ్ళు అతన్ని రైలు దారి వేసే పనికని సయాం తీసుకుపోతే తిరిగి రాలేదు. అప్పట్నుంచి ఆమె తెల్లారకుండా లేచి ఎస్టేట్‌లో పాలు గీసి, మధ్యాహ్నం తన చెట్లు చూసుకునేది. కొడుకు తగరం తవ్వే పడవ మీద పని చేస్తూ నెలకోసారి వచ్చేవాడు. కోడలు పైడమ్మ ఆమెతోనే ఉండేది.

1956 మొదట్లో నేనే ఆమె చేత సంతకం బదులు వేలిముద్ర వేయించాను. ముసలి చెట్లన్నీ కొట్టించాను. ఆఫీసు నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి నాటించాను. మొదటి విడత వచ్చింది. చిగుళ్ళు వేసే వేళకి ఒకసారి వెళ్ళి, సైకిలు దిగీ దిగకుండానే, "మొక్కకి ఒక్క కొమ్మే ఉండాలి, మంచిది చూసి ఉంచి మిగతావి గిల్లెయ్యండి" అని అరవంలో చెప్పి వచ్చేశాను. ఆమె తలూపింది. తర్వాత ఆ అడవి వైపు సైన్యం గాలింపు మొదలై రోడ్డు మూసేశారు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టుల మీద ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టిన రోజులవి. ఒకటి కాదు రెండు కాదు, ఏడాదికి పైగా నన్ను అటు పోనివ్వలేదు. ఆమెకి మాత్రం పాసు ఉండేది, పొద్దున్న ఊరి కంచె గేటు తెరిచాక వెళ్ళి చీకటి పడకముందే తిరిగి రావాలి.

అరవంలో ఎందుకు మాట్లాడానంటారా. ఆమె పేరు ఫారంలో చూసినప్పుడే తెలుగావిడని తెలుసు. మా నాన్న ఎస్టేట్‌లో కిరాణి, అంటే గుమాస్తా. మేముండేది మెట్లున్న క్వార్టర్సులో. కూలి లయంలో, అంటే కూలీల వరస ఇళ్ళలో, ఉండేవాళ్ళతో కలిసి మాట్లాడకూడదని మా ఇంట్లో ఎవరూ నోరు విప్పి చెప్పలేదు గానీ, చెప్పకుండానే నేర్పేశారు. తెల్ల చొక్కా, ఖాకీ టోపీ వేసుకున్నాక తెలుగు మాట్లాడితే ఎక్కడ చనువు తీసుకుంటారోనని నా భయం. సిగ్గుపడాల్సిన సంగతే. అప్పుడు పడలేదు.

సరే, జూలైలో రోడ్డు తెరిచారు. రెండో విడత ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళాను. దూరం నుంచే చూసి నా గుండె ఉప్పొంగింది. నాలుగు వందల పైచిలుకు మొక్కలు, వరసలు తీర్చి, గడ్డి పరక లేకుండా, నా తల దాటి ఎదిగి ఉన్నాయి. జిల్లాలో ఇంత శుభ్రమైన తోట నేను చూడలేదు. ఫారం అక్కడే తీశాను. సంతకం పెట్టబోతూ అలవాటు కొద్దీ వాగు పక్క ఆఖరి వరస దాకా నడిచాను. అక్కడ ఏడెనిమిది మొక్కలు పొట్టిగా, అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఆకు వేరుగా ఉంది. వంగి మొదలు చూశాను. తర్వాత పక్క వరసలో మొక్క మొదలు చూశాను. ఇంకోటి. ఇంకోటి.

"ఓరి నాయనో, కొంప మునిగింది" అన్నాను, పైకే, తెలుగులోనే.

వెనకాలే వస్తున్న సింహాచలమ్మ గారు ఠక్కున ఆగింది. "ఏటన్నావు బావూ? నువ్వు మనోడివా?"

మొక్క మొదట్లో ఎండిపోయిన చిన్న పలక మచ్చ చూపించాను. "ఇక్కడో చిగురు వచ్చుండాలి. అదేది?"

"గిల్లీసినాను. నువ్వే సెప్పినావు గదా, మంచిదుంచి మిగతాది తీసీమని."

"ఇదే మంచిది పిన్నమ్మా. ఇదే ఉంచాల్సింది."

"అదేటి మాట." ఆమె నా మొహంలోకి చూసింది. "అది దెబ్బ మీంచి వచ్చిన సిగురు బావూ. సుట్టూరా కత్తి గాటు ఉంది సూడు. తోటలో పాతికేళ్ళు పాలు గీసినాను. బెరడు మీద ఒక్క గాయం పడితే మా పని సూసే తోట కండక్టరు పేరు రాసీసీవోడు. గాయమైన సోట పాలు రావు, బుడిపె కడతాది. అందుకే మంచి బెరడు మీంచి వచ్చిన కొమ్మ ఉంచినాను. ఒక్కోదాన్నీ దగ్గిర కూకుని సూసి మరీ గిల్లినాను. ఆ ఆకరి వరసకి నడుం నొప్పెట్టి ఎల్లలేదు."

చదివేవాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. కొత్త రకం రబ్బరు గింజ వేస్తే రాదు. మామూలు గింజ మొక్క ఒకటి పెంచుతారు, దాన్ని స్టాక్ అంటారు. దాని మొదట్లో బెరడు కిటికీలా కోసి, మంచి రకం చెట్టు కొమ్మ మీంచి ఒక కన్ను ఉన్న బెరడు ముక్క తీసి అందులో పెట్టి కడతారు. ఇది బడ్డింగ్, మన భాషలో అంటు. ఆ కన్ను వేసిన చిగురే అసలు చెట్టు. మిగతావన్నీ అడవి కొమ్మలు, గింజ రకం. అవే ముందు పైకొస్తాయి, బలంగా కూడా ఉంటాయి. ఎస్టేట్‌లలో అంటు కట్టే ముఠాలు వేరుగా ఉండేవి. కూలి ఎక్కువ, పని రహస్యం. పాలు గీసేవాళ్ళని ఆ దరిదాపులకి రానిచ్చేవాళ్ళు కారు. అందుకే పాతికేళ్ళు రబ్బరుతో బతికిన మనిషికి రబ్బరు చెట్టు ఎలా పుడుతుందో తెలియదు. తెలిసిందల్లా బెరడు. ఆ తెలిసినదాన్ని బట్టే, శ్రద్ధగా, ఒక్కోటీ చూసి, నాలుగు వందల మంచి చిగుళ్ళు గిల్లి పారేసింది.

"మరి ఇవేటి సెట్లు?" అని అడిగింది.

"నువ్వు కొట్టేసిన పాత చెట్లెలాంటివో అలాంటివే."

ఆమె ఉన్నచోటే కూర్చుండిపోయింది. "ఏడేళ్ళు పెంచి మళ్ళీ అయ్యే సెట్లా" అంది, నాతో కాదు. తర్వాత, "మనోడివని తెలిస్తే పది మాట్లు అడిగీదాన్ని బావూ. అరవం రాక కాదు. ఆపీసర్ని మళ్ళీ అడగాలంటే బయ్యం" అంది. ఆ మాటకి నాకు చెంప మీద కొట్టినట్టయింది. తప్పు ఆమెది కాదు. సైకిలు దిగి, వంగి, ఇదిగో ఈ చిగురు అని వేలు పెట్టి చూపించడానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషం నేను ఖర్చు పెట్టలేదు.

నియమం ప్రకారం మంచి రకం లేకపోతే సాయం ఆగిపోతుంది. ఇచ్చింది వెనక్కి అడగొచ్చు కూడా. నేను కళ్ళు మూసుకుని సంతకం పెడితే ఎవరికీ తెలిసేది కాదు, మొక్కలు పచ్చగా ఉన్నాయి. కానీ ఏడేళ్ళ తర్వాత ఆమె గీత గీసిన రోజున చెట్టే చెప్పేస్తుంది. అప్పటికి ఆమెకి ఇంకోసారి నరికి ఇంకోసారి నాటే వయసుండదు. సంతకం పెట్టలేదు. ఫారం మడిచి సంచిలో పెట్టుకుని సైకిలు తొక్కుతూ ఉండగా దారిలో ఒక ఆలోచన తట్టింది. అంతే, బ్రేకు వేసి రోడ్డు మధ్యలో ఆగిపోయాను. ఆ అడవి మొక్కల కాండం బొటనవేలు కంటె లావు. అంటు కట్టడానికి సరిగ్గా సరిపోయే లావు. వేళ్ళు పొలంలోనే ఉన్నాయి. కన్ను ఒక్కటే లేదు. నిలబడ్డ చోటే, ఆ మొక్కలకే మళ్ళీ అంటు కట్టేస్తే?

మా ఆఫీసర్ని అందరం ఎన్చిక్ అని పిలిచేవాళ్ళం, అంటే అయ్యగారు అని. దొరల చోట ఈ దేశంవాళ్ళని కూర్చోబెడుతున్న రోజుల్లో కొత్తగా ఆ కుర్చీలోకి వచ్చిన మలయ్ ఆయన. గొడుగు లేకుండా గది దాటేవాడు కాదు. నేను దాచకుండా అంతా చెప్పాను, నా తప్పుతో సహా. ఆయన గొడుగు పిడి తిప్పుతూ విన్నాడు.

"నువ్వు అంటు కట్టగలవా?" అన్నాడు.

"చదివాను" అన్నాను.

"చదివావు" అన్నాడు. నవ్వు ఆపుకున్నాడని నాకు అనుమానం. "మెర్దేకా సెలవయ్యాక సోమవారం నేనే వస్తాను. మూడొంతుల మొక్కల్లో కన్ను బతికి ఉంటే రెండో విడత ఇప్పిస్తాను. లేకపోతే ఫారం మీద రాయాల్సింది రాస్తాను. నర్సరీకి చీటీ ఇస్తున్నా, బడ్‌వుడ్ తెచ్చుకో. పాక్ ఉస్మాన్‌ని కూడా పట్టుకుపో. చదివింది చాలదు."

బడ్‌వుడ్ అంటే కళ్ళున్న కొమ్మలు. కోసిన దగ్గర్నుంచి గడియారం పరుగే. రెండు మూడు రోజులు దాటితే కన్ను ఎండిపోతుంది. పాక్ ఉస్మాన్, పాక్ అంటే పెద్దాయన, నర్సరీలో అంటు కట్టడంలో ఆరితేరినవాడు, తల నెరిసినవాడు, రోజంతా పనిచేసినా పది మాటలు మాట్లాడడు. ఆగస్టు మొదట్లో ఒక తెల్లవారుజామున కొమ్మలు కోసి, అరటి పట్టల్లో చుట్టి, తడి రంపపు పొట్టు దట్టించి, గోనె సంచుల్లో కట్టి బస్సు మీద వేసుకుని బయల్దేరాం. నా ఉత్సాహం చెప్పలేను. బస్సు కండక్టరు సంచి మీద కాలు పెడితే మీద పడి అరిచాను.

గేటు దగ్గర ఆపేశారు. మిగతా చోట్ల తీసేసినా మా వైపు ఆ గేటు ఇంకా ఉండేది. అడవిలో దాక్కున్నవాళ్ళకి బియ్యం చేరకూడదని ప్రతి మూటా తనిఖీ చేసేవాళ్ళు. కాపలా పోలీసు చేతిలో మొనదేలిన ఇనుప ఊచ. గోనెలోకి గుచ్చి, బియ్యం గింజ పడితే పట్టుకోవడం. వాడు ఊచ ఎత్తాడు. ఆ సంచిలో అడుగడుగునా కళ్ళే. ఒక్క పోటు పడితే పది కళ్ళు పోతాయి. నేను సంచికి అడ్డంగా కూర్చుండిపోయాను.

"నన్ను గుచ్చు, దీన్ని కాదు" అన్నాను మలయ్‌లో. కోపం నా ముక్కు మీదే ఉంటుంది, ఏం చేయను.

పోలీసు మొహం ఎర్రబడింది. అప్పుడు పాక్ ఉస్మాన్ నెమ్మదిగా వచ్చి, ఆ రోజుకి తన పది మాటల్లో సగం వాడాడు. రబ్బరు కళ్ళు ఇవి, నీడలో విప్పి చూసుకో అన్నాడు. పోలీసు ఊచ పక్కన పెట్టాడు. సంచిని చెట్టు నీడకి మోసుకెళ్ళి, అరటి పట్ట ఒక్కటి విప్పి, లోపల పచ్చటి కొమ్మ తీసి చూసి, వేలితో కన్ను తడిమాడు. తీరా చూస్తే వాడూ చిన్న రైతు కొడుకే. వాళ్ళ నాన్నకి రెండెకరాలున్నాయట, ఆఫీసువాళ్ళ మీద నమ్మకం లేక పాత చెట్లు కొట్టడం లేదట. "ఇది నిజంగా ఎక్కువ పాలిస్తుందా?" అని అడిగాడు. "మూడు వారాలాగి నన్నడుగు" అన్నాను. వాడే మళ్ళీ జాగ్రత్తగా చుట్టి, తన కూజాలో నీళ్ళు సంచి మీద చల్లి పంపించాడు.

మూడు రోజులు కట్టాం. తెల్లారగానే గేటు దాటడం, ఎండ ముదిరేలోపు ఎన్ని మొక్కలైతే అన్ని. పొలానికి అన్నం పట్టుకెళ్ళనివ్వరు కాబట్టి ఖాళీ కడుపుతోనే. పాక్ ఉస్మాన్ కత్తి చూడటానికి రెండు కళ్ళు చాలవు. మొక్క మొదట్లో రెండు నిలువు గీతలు, ఒక అడ్డ గీత. పాలు కారి ఆగేదాకా పక్క మొక్కకి పోతాడు. తిరిగి వచ్చి బెరడు రెక్క లేపి, కన్ను ముక్కని అంచులు పట్టుకుని లోపల పెట్టి, మైనపు గుడ్డతో చుట్టేస్తాడు. అడ్డ గీతలో కత్తి మరీ లోతుగా దిగితే కర్ర చెడుతుంది, పైపైన పోతే బెరడు లేవదు. మధ్యలో ఉండే వెంట్రుకంత మందమే అంతా.

మొదటి వరస నేనే కడతానని పట్టుబట్టాను. తప్పు నాది కదా, ముందు నా చెయ్యే పడాలని పంతం. పాక్ ఉస్మాన్ నా పని చూసి "సాబార్" అన్నాడు, ఓపిక పట్టు అని. పట్టలేదు. రెండో రోజు పొద్దున్న సింహాచలమ్మ గారు నా వెనకాల నిలబడి కాసేపు చూసి, "ఇలాగియ్యి" అని కత్తి లాక్కుంది.

వంగి గీసింది. రెండు నిలువు, ఒక అడ్డం. పాలు ఆరాక గోటితో రెక్క లేపితే అరటి తొక్కలా శుభ్రంగా వచ్చింది. లోపల కర్ర మీద కత్తి మొన ఆనవాలు కూడా లేదు. పాక్ ఉస్మాన్ చేస్తున్న పని ఆపి దగ్గరికొచ్చి చూశాడు. ఇంకోటి గీయమన్నాడు. గీసింది. ఆయన తన మంచి కత్తి తీసి ఆమె చేతిలో పెట్టి, ఆమె దగ్గరున్న నా కత్తి తీసుకుని నాకిచ్చేశాడు. నన్ను నీళ్ళు మొయ్యమన్నాడు.

"బెరడు మందం సేతికి తెలుస్తాది బావూ" అంది ఆమె, తలెత్తకుండా. "గాయం పడకుండా పాతికేళ్ళు గీసినాను. ఇప్పుడు కావాలనే గాయం సెయ్యమంటన్నారు, అదొక్కటే మనసొప్పడం లేదు."

"అంటు మామిడి కూడా అంతే గదా అత్తా" అంది పైడమ్మ. "మీ అమ్మ సెప్పీదని నువ్వే అన్నావు, కోసి కడితేనే కాయ తియ్యనని."

"అవునే" అంది సింహాచలమ్మ గారు. నాకేసి చూసి, "ఈ ముక్క నువ్వు ముందే సెప్పుంటే నా సిగుళ్ళు నాకుండేవి గదయ్యా ఆపీసరూ" అంది. నేను నీళ్ళ బిందె ఎత్తుకుని వాగు వైపు నడిచాను.

మూడో రోజు ఎండెక్కినా ఆపలేదు, మధ్యాహ్నానికి మైనపు గుడ్డలు అయిపోయాయి. పైడమ్మ పరుగున ఇంటికెళ్ళి పాత ఎర్ర నూలు చీర తెచ్చి పీలికలు చేసి, కొవ్వొత్తి మైనం కరిగించి ముంచింది. ఆ మధ్యాహ్నం నుంచి సింహాచలమ్మ గారు కట్టిన వరసలన్నిటికీ ఎర్ర పీలికలే. ఆఖరి మొక్క కట్టి నడుం ఎత్తేసరికి గేటు మూసే వేళయింది. నలుగురం దాదాపు పరుగు పెట్టాం.

ఇక మూడు వారాలు ఎదురుచూపు. గుడ్డ విప్పి కన్ను ముక్కని కత్తితో కొంచెం గీకితే ఆకుపచ్చ కనబడితే బతికినట్టు, గోధుమరంగు కనబడితే చచ్చినట్టు. బతికిన కన్నుకి పైనున్న అడవి కాండం తర్వాత నరికేస్తే ఆ కన్నే చెట్టవుతుంది. ముందే విప్పకూడదు, ఆలస్యం కాకూడదు. లెక్క చూస్తే ఆఖరి రోజు కట్టినవాటికి మూడు వారాలు నిండేది సరిగ్గా ఆగస్టు ముప్పై ఒకటి, శనివారం. మెర్దేకా రోజు. మా ఆఫీసు నుంచి కౌలాలంపూర్‌కి లారీ వేశారు, స్టేడియంలో జెండా ఎక్కించడం చూడటానికి. లిస్టులో నా పేరు మూడోది. ఆ రోజు కోసం నెలరోజులుగా కలలు కంటున్నాను. కానీ చచ్చినవాటికి ఆదివారం మళ్ళీ కట్టాలంటే శనివారం విప్పాల్సిందే, సోమవారం ఎన్చిక్ వస్తాడు. లారీలో నా చోటు ఇంకొకరికి ఇచ్చేశాను. ఇచ్చాక కూడా లారీ పోయేదాకా అక్కడే నిలబడి చూశాను.

శనివారం పొద్దున్న వాన. తడిలో గుడ్డ విప్పితే ప్రమాదం. పాక్ ఉస్మాన్, నేను, అత్తాకోడళ్ళు పొలం పక్క రేకుల పాకలో నిలబడ్డాం. వాన వల్ల అక్కడ కౌలాలంపూర్‌లో కూడా వేడుక ఆగి ఎదురుచూస్తున్నారని తర్వాత తెలిసింది. వాన వెలిసి ఆకుల మీది నీరు కాస్త జారాక నేను ముందుకు దూకాను. మొదటి వరస, మొదటి మొక్క. తెల్ల గుడ్డ విప్పి గీకాను.

గోధుమరంగు.

రెండోది గోధుమ. మూడోది కూడా. ముక్క వేలికి తగలగానే ఊడి పడింది. సింహాచలమ్మ గారి మొహం చూడలేకపోయాను. పాక్ ఉస్మాన్ వచ్చి ఆ చచ్చిన ముక్క తీసి తిప్పి చూసి, లోపలి వైపు నా వేలి ముద్ర చూపించాడు. అంచులు పట్టుకోవాల్సిన ముక్కని నడిమధ్యన పట్టుకున్నాను. "ఇది నీ వరస" అన్నాడు. ఆ రోజుకి ఆయన మొదటి మాట అదే.

ఆయన రెండో వరసకి వెళ్ళాడు. విప్పాడు, గీకాడు, పక్కకి జరిగి నాకు చూపించాడు. ఆకుపచ్చ. ఇంకోటి, ఆకుపచ్చ. ఒకటి చచ్చింది, తర్వాతవి నాలుగు పచ్చ. పైడమ్మ అప్పటికే వాగు వైపు వరసల్లోకి పరుగెత్తి ఎర్ర పీలికలు విప్పుతోంది. "అత్తా, పచ్చగున్నాది. ఇదీ పచ్చే. ఇదీ" అంటూ అక్కడ్నుంచే కేకలు. మేమంతా అటు పరుగెత్తాం. విప్పిన కొద్దీ పచ్చే. నేను లెక్క పెట్టడం మానేసి గెంతడం మొదలుపెట్టాను, ఆఫీసరు టోపీ ఎక్కడో పడిపోయింది. సింహాచలమ్మ గారు మాత్రం గెంతలేదు. ఒక మొక్క దగ్గర కూర్చుని ఆ చిన్న ఆకుపచ్చ గీతని చూస్తూ ఉంది. గాయం మీద పచ్చ. కళ్ళు తుడుచుకుని, "బతికినాయి బావూ" అంది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పాక్ ఉస్మాన్ తెచ్చిన కొత్త కొమ్మలతో నా వరసకి ఆదివారం ఆమే మళ్ళీ కట్టింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

సోమవారం ఎన్చిక్ గొడుగుతో వచ్చాడు. తనకి తోచిన మొక్క దగ్గరల్లా ఆగి గీకి చూశాడు. మూడొంతులేమిటి, అంతకంటె చాలా ఎక్కువే బతికాయి. ఎర్ర పీలికలున్న వరసల్లో చచ్చినది వెతకాల్సి వచ్చింది. "ఇవి ఎవరు కట్టారు?" అని అడిగాడు. నేను సింహాచలమ్మ గారి వైపు చూపించాను. ఆయన గొడుగు మడిచాడు. నేను ఆయన దగ్గర పనిచేసిన అన్నేళ్ళలో గొడుగు మడవడం అదొక్కసారే చూశాను. ఫారం మీద సంతకం పెట్టి, ఆమెతో మలయ్‌లో, "కాకా, మిగతా రైతులకి ఈ పని చూపిస్తారా? కూలి ఆఫీసు ఇస్తుంది" అన్నాడు. కాకా అంటే అక్క.

"బోలే లా" అంది ఆమె. చేస్తానులే అని. తర్వాత నాతో తెలుగులో, "సూపిత్తాను గానీ, నువ్వు కూడా వచ్చి నేర్సుకో" అంది.

నేర్చుకున్నాను. ఆ ఏడాదంతా ఊరూరా ఆమె కత్తి పట్టుకుని కూర్చునేది, చుట్టూ మలయ్, చీనా, అరవ, తెలుగు రైతులు. గేటు పోలీసు వాళ్ళ నాన్న కూడా వచ్చాడు. తన పాత చెట్లు తర్వాతి నెలలోనే కొట్టేశాడు.

నా పనిలో ఆ తర్వాత ఒక్క పద్ధతి మాత్రం ఎప్పుడూ తప్పలేదు. సైకిలు దిగి స్టాండు వేసేవాణ్ణి. టోపీ తీసేవాణ్ణి. రైతు ఏ భాషవాడైతే ఆ భాషలో ముందు ఇంటి సంగతులడిగి, తర్వాత కత్తి అతని చేతికిచ్చి, "ఏ చిగురు ఉంచుతావో నాకు చూపించు" అనేవాణ్ణి. తప్పు చూపించినవాడికి మళ్ళీ చెప్పేవాణ్ణి. అందరికంటె ఎక్కువ తప్పులు, నిజం చెప్పాలంటే, ఏళ్ళ తరబడి రబ్బరు గీసినవాళ్ళే చేసేవాళ్ళు. వాళ్ళ చేతికి తెలిసిన విద్య అంత గట్టిది. దాన్ని తీసెయ్యకూడదు, పక్కనే కూర్చుని ఇంకో వైపుకి తిప్పాలి. అది నాకు నేర్పింది ఆమే.

ఏడేళ్ళ తర్వాత కబురొచ్చింది, మొదటి గీతకి రమ్మని. వెళ్ళాను. సింహాచలమ్మ గారికి జుట్టు పూర్తిగా నెరిసింది, చెయ్యి మాత్రం వణకలేదు. చెట్టు చెట్టుకీ గీస్తూ వెళ్ళింది. పాలు ధారకట్టి చిప్పలు నిండుతుంటే పైడమ్మ వెనకాలే నవ్వుతూ వస్తోంది. దారి పక్కన ఒక చెట్టు దగ్గర ఆమె ఆగింది. దాని మొదట్లో అంటు గుర్తు లేదు. నా మొదటి వరసలో మొదటి మొక్క అది. ఆ ఆదివారం దీనికొక్కదానికే మళ్ళీ అంటు కట్టకుండా అడవి కొమ్మనే పెరగనిచ్చింది.

"దీన్నెందుకుంచావు పిన్నమ్మా?"

"నేర్సుకోడానికి వచ్చినోళ్ళకి సూపించడానికి" అంది. దానికీ గీత గీసింది. పక్క చెట్టు చిప్ప నిండి పొర్లుతుంటే దీని చిప్పలో అడుగు తడిసింది. "మా వోళ్ళందరూ దీన్ని ఆపీసరు సెట్టంటారు."

ఆ పేరు ఆ చుట్టుపక్కల చాలా ఏళ్ళు ఉండిపోయింది. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో నా పేరు పెట్టిన చెట్టు అదొక్కటే. నేనెప్పుడూ కాదనలేదు.